సీసాల్లో కాదు, సంచుల్లో అమ్మండి

ప్రశ్న: ఉద్యోగం చేసుకుంటూ రెండేళ్లుగా ఇంట్లో మూడు తొట్లలో వానపాములు పెంచుతున్నాను. తొట్టి అడుగున కుళాయి నుంచి దిగే ముదురు రంగు నీటిని తోట పెంచే స్నేహితులు అడిగి మరీ పట్టుకెళ్తున్నారు. దీన్నే 'వర్మీ టీ' పేరుతో సీసాల్లో నింపి అమ్మాలని ఉంది. 200 లీటర్ల డ్రమ్ము, పెద్ద ఎయిర్ పంపు, వెయ్యి సీసాలు, లేబుళ్లు కొనాలంటే నా ఫిక్స్‌డ్ డిపాజిట్ రద్దు చేసుకోవాలి. అది తప్ప వేరే పొదుపు పెద్దగా లేదు. సగం పెట్టుబడి పెడతానని మా చెల్లెలు అంటోంది. ముందుకు వెళ్లమంటారా?

జవాబు: డిపాజిట్ ముట్టుకోకండి. డ్రమ్ము, సీసాలు ఇప్పుడు కొనకండి. వ్యాపారం మాత్రం మానొద్దు. రెండేళ్లు పాముల్ని బతికించి పెంచగలిగారంటే ఇందులో అన్నిటికంటే కష్టమైన పని మీకు వచ్చేసినట్టే. సరుకును మాత్రం మార్చుకోవాలి. ఎందుకో చెబుతాను.

మీ కుళాయి నుంచి దిగేది టీ కాదు, ఊట నీరు. తడి ఎక్కువైనప్పుడు సగం కుళ్లిన చెత్తలోంచి, మాగిన ఎరువులోంచి కలిసి కారుతుంది. ఒక వారం ఉన్నట్టు ఇంకో వారం ఉండదు. దానితో కొన్ని మొక్కలు బాగుపడవచ్చు, కొన్ని మాడిపోవచ్చు, అందులో హానికర బ్యాక్టీరియా కూడా ఉండవచ్చు. స్నేహితులకు ఊరికే ఇచ్చినంత కాలం ఏమీ కాలేదు, సంతోషం. డబ్బు తీసుకున్న రోజు నుంచి చచ్చిపోయిన ప్రతి మొక్కకూ మీరే జవాబుదారీ. ఊట ధారగా వస్తోందంటే తొట్టిలో తడి మితిమీరిందని అర్థం. ముందు చిత్తుకాగితాలో ఎండాకులో వేసి దాన్ని ఆరనివ్వండి.

అసలు టీ తయారీ వేరు. పూర్తిగా మాగి, జల్లెడ పట్టిన ఎరువును గుడ్డ సంచిలో కట్టి, క్లోరిన్ లేని నీటిలో ముంచి, పంపుతో 24 నుంచి 36 గంటలు గాలి ఊదుతారు. సాధారణంగా కిలో ఎరువుకు 10 లీటర్ల నీరు. నీటిని ఒక రోజు మూత తీసి ఉంచితే క్లోరిన్ పోతుంది. మీ నీటి సరఫరాలో క్లోరమిన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన శుద్ధి మందు) వాడుతుంటే అలా పోదు, విటమిన్ సి పొడి కలిపి విరగ్గొట్టాలి. ఇక పంపు ఆపిన క్షణం నుంచి గడియారం తిరుగుతూనే ఉంటుంది. అందులోని సూక్ష్మజీవులు ఉన్న ఆక్సిజన్‌ను కొద్ది గంటల్లోనే వాడేస్తాయి. అందుకే నాలుగు నుంచి ఆరు గంటల్లో మొక్కలకు పోసేయమంటారు. ఆ తర్వాత మురుగు వాసన మొదలవుతుంది. బిగించిన సీసాలో అయితే వాయువు పుట్టి సీసా ఉబ్బుతుంది, ఒక్కోసారి పగులుతుంది కూడా.

అంటే మీరు అమ్మబోయే సరుకు ఆయుష్షు ఒక పూట. వెయ్యి సీసాలు కొనే ముందు ఈ ఒక్క మాట మీద రెండు రోజులు ఆలోచించమని బతిమాలుతున్నాను. నిల్వ ఉండని సరుకుకు దుకాణం, కొరియర్, గోదాము ఏవీ పనికిరావు.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. అంకెలన్నీ అర్థం కావడానికి అనుకున్నవే, మీ అంకెలు వేసుకుని మళ్లీ చేయండి. లీటరు టీ ధర 10 అనుకుందాం. తయారీ ఖర్చు 4. అందులో సగం ఎరువు విలువే. మన పాములే కదా, ఊరికే వస్తోంది కదా అని అక్కడ సున్నా వేయకండి. అదే ఎరువును అలాగే అమ్మితే డబ్బొస్తుంది, కాబట్టి అది ఖర్చే. ఇంటింటికీ చేర్చడానికి లీటరుకు 3. వంద లీటర్లు చేసి మొత్తం అమ్మితే చేతిలో మిగిలేది 300. నాలుగో వంతు అమ్ముడుపోక పారబోశారనుకోండి. 75 లీటర్లకు 750 వస్తుంది, తయారీకి 400, రవాణాకు 225 పోతాయి. మిగిలేది 125. పారబోసింది పావు వంతే, పోయింది లాభంలో సగానికి పైగా.

రవాణా కూడా అంతే బరువైనది. లీటరు నీరు కిలో బరువు. మీరు మోసుకెళ్లేది దాదాపు అంతా నీరే, ఆ నీరు కొనేవాళ్ల ఇంట్లో కూడా ఉంది.

అందుకని రెండు నియమాలు పెట్టుకోండి. ముందు డబ్బు కట్టినవాళ్లకే టీ తయారు చేయాలి. వారంలో ఒక రోజు, ఒక గంట నిర్ణయించి, ఎవరి డబ్బా వాళ్లే తెచ్చుకుని మీ ఇంటి దగ్గరే పట్టుకెళ్లాలి. ఇలా అడుగుతున్నందుకు ధర తగ్గించి 8కే ఇవ్వండి. వంద లీటర్లకు 800 వస్తుంది, తయారీకి 400 పోతే 400 మిగులుతుంది. ధర తగ్గించాక లాభం పెరిగింది, ఎందుకంటే పారబోత లేదు, రవాణా లేదు. డబ్బా ఖర్చు తగ్గడం ఇందులో కలపనే లేదు.

మీ గంటలకూ ఖరీదు కట్టండి. 20 లీటర్ల బకెట్‌లో ఒక్కసారి టీ చేయడానికి ఎరువు జల్లించడం, నింపడం, వడకట్టడం, పంచడం, ఆపైన బకెట్, గొట్టాలు జిగురు లేకుండా తోమడం కలిపి మూడు గంటలు పడుతుందనుకోండి. వంద లీటర్లకు ఐదు సార్లు, 15 గంటలు. 400ను 15తో భాగిస్తే గంటకు 27 దాకా, అంటే మూడున్నర లీటర్ల టీ ధర కన్నా తక్కువ. ఆ గంటకు మీ ఉద్యోగంలో ఓవర్‌టైమ్ ఎంత వస్తుందో పక్కన రాసి చూడండి. చిన్న వ్యాపారాలు చేసేవాళ్లు చాలామంది వేయని లెక్క ఇదే. ఏడాది తిరిగాక అలసట మాత్రం మిగిలి, డబ్బు ఎటు పోయిందో తెలియక బాధపడతారు. మీకు ఆ పరిస్థితి రాకూడదు.

డ్రమ్ము ఎందుకు వద్దన్నానో కూడా లెక్కే చెబుతుంది. వానపాము రోజుకు తన బరువులో సుమారు సగం తింటుంది. మూడు తొట్లలో కలిపి రెండు కిలోల పాములుంటే రోజుకు కిలో మేత, నెలకు 30 కిలోలు. అందులో మూడో వంతు ఎరువుగా చేతికొచ్చినా 10 కిలోలు. దానితో నెలకు 100 లీటర్ల టీ అవుతుంది. 200 లీటర్ల డ్రమ్ము ఒక్కసారి నింపాలంటే 20 కిలోల ఎరువు కావాలి, అంటే మీ తొట్ల రెండు నెలల కష్టం. పైగా మధ్యలో కరెంటు పోయి గాలి ఆగితే అదంతా ఒకేసారి చెడిపోతుంది. ప్రస్తుతానికి 20 లీటర్ల బకెట్, అక్వేరియం పంపు చాలు. ఆర్డర్లు బకెట్ దాటి పొర్లినప్పుడు 50 లీటర్లకు వెళ్లండి.

ఇక నాకు అన్నిటికన్నా నమ్మకం కలిగిస్తున్న సరుకు వేరే ఉంది. అరకిలో జల్లించిన ఎరువును పల్చటి నూలు గుడ్డ సంచిలో కట్టి, టీ ఎలా చేసుకోవాలో ఒక కాగితం జతచేసి అమ్మండి. కొన్నవాళ్లు ఐదు లీటర్ల నీటిలో వేసుకుని వాళ్ల ఇంట్లోనే తాజాగా టీ చేసుకుంటారు. నీడలో, కాస్త చెమ్మతో, గాలి ఆడేలా ఉంచితే ఎరువు నెలల తరబడి బాగుంటుంది. దుకాణంలో పెట్టవచ్చు, దూరం పంపవచ్చు, ఈ వారం అమ్ముడుపోకపోతే వచ్చే వారం అమ్మవచ్చు. ఐదు కిలోల నీటి బదులు అరకిలో సంచి మోస్తారు. ఇంటి దగ్గర ఇచ్చే తాజా టీ ఈ సంచులకు ప్రచారం అనుకోండి. పరిస్థితులు అనుకూలిస్తే పాముల సంఖ్య రెండు మూడు నెలల్లో రెట్టింపవుతుంది కాబట్టి, తొట్టి మొదలుపెట్టాలనుకునే కొత్తవాళ్లకు పాముల్నే అమ్మే వీలూ ఉంది.

లేబుల్ అచ్చు వేయించే ముందు మీ ప్రాంతంలోని వ్యవసాయ శాఖను అడగండి. 'ఎరువు' అని రాసి అమ్మితే చాలా చోట్ల అనుమతి, పోషకాల పరీక్ష అడుగుతారు. 'పురుగుల్ని చంపుతుంది', 'తెగులు పోగొడుతుంది' అని రాస్తే పురుగుమందుల చట్టం కిందికి రావచ్చు, అలాంటి మాటలు నోటితో కూడా చెప్పకండి. టీలో మొలాసిస్ (చక్కెర తయారీలో మిగిలే తీపి మడ్డి) కలపమని చాలామంది సలహా ఇస్తారు. మేలు చేసే జీవులతోపాటు ఈ-కోలై, సాల్మొనెల్లా లాంటి హానికర బ్యాక్టీరియా కూడా ఆ తీపితో పెరగవచ్చు. అమెరికాలో సేంద్రియ ప్రమాణాల మండలి వేసిన బృందం 2004లో ఇచ్చిన నివేదికలో ఇలాంటి కలుపుళ్ల విషయంలోనే ప్రత్యేకంగా జాగ్రత్త చెప్పింది. మీరు కలపకండి. పచ్చిగా తినే ఆకుకూరల ఆకుల మీద చల్లవద్దని, మట్టిలోనే పోయమని సంచికి జతచేసే కాగితంలో పెద్ద అక్షరాలతో రాయండి.

డబ్బు ఎక్కణ్నుంచి తేవాలి? జీతంలోంచే. రెండు మూడు నెలలు కొంచెం కొంచెం పక్కన పెడితే బకెట్, పంపు, జల్లెడ, గుడ్డ సంచులు వచ్చేస్తాయి. మొత్తం పోయినా ఇంటి ఖర్చు తడబడనంత వరకే పెట్టండి. మీ డిపాజిట్ అత్యవసర నిధి, ఉద్యోగానికో ఆరోగ్యానికో ఏమైనా అయితే మిమ్మల్ని నిలబెట్టేది అదొక్కటే. అప్పు కూడా చేయకండి, వాయిదా ప్రతి నెలా వస్తుంది, తోటపని రుతువును బట్టి సాగుతుంది. ఎండలు ముదిరినప్పుడు, చలి ముదిరినప్పుడు కొనుగోళ్లు తగ్గుతాయి, పాములూ మందగిస్తాయి. వ్యాపారానికి వేరే బ్యాంకు ఖాతా తెరవండి. ఒక నోటు పుస్తకంలో ప్రతి వారం నాలుగు అంకెలు చాలు: ఎంత చేశారు, ఎంత అమ్మారు, ఎంత పారబోశారు, ఎన్ని గంటలు పట్టింది. ఆరు నెలలు రాయండి.

చెల్లెలి సంగతి. పెట్టుబడే ఇంత చిన్నదైనప్పుడు ఆమె డబ్బు అవసరం లేదు, ఆమె సమయం కావాలేమో అడగండి. సంచులు కుట్టడం, ఆర్డర్లు రాసుకోవడం ఆమె చేస్తానంటే గంటకు ఇంత అని ఇవ్వండి, లేదా అమ్మిన ప్రతి సంచిపై ఇంత అని మాట్లాడుకుని కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. ఆరు నెలల తర్వాత ఆ నోటు పుస్తకం నాకు పంపండి. ఆర్డర్లు వరసగా మూడు నెలలు మీరు చేయగలిగినదానికంటే ఎక్కువగా వచ్చి ఉంటే, అప్పుడు భాగస్వామ్యం గురించి, పెద్ద డ్రమ్ము గురించి కూర్చుని లెక్క వేద్దాం.