గోదావరి "43 అడుగులు" అంటే నది లోతు అంతేనా? క్యూసెక్కులు ఎలా లెక్కిస్తారు?

లోతు కాదు. భద్రాచలం దగ్గర స్కేలు మీద, ముందే ఖాయం చేసిన సున్నా గుర్తు నుంచి నీళ్లు ఎంత ఎత్తుకొచ్చాయో చెప్పే అంకె అది. 43కి మొదటి, 48కి రెండో, 53కి మూడో ప్రమాద హెచ్చరిక. 2022 జులైలో 71 దాటింది.

క్యూసెక్కుల (సెకనుకు ఎన్ని ఘనపుటడుగుల నీళ్లు పారుతున్నాయన్న లెక్క) సంగతి కాస్త తిరకాసు. నదిని అడ్డంగా భాగాలు చేసి, ఒక్కోచోట లోతు చూసి, కరెంట్ మీటరు (విద్యుత్తుది కాదు, నీటి వేగం చూసే పరికరం) దించి వేగం కొలుస్తారు. ఒక్కో భాగం అడ్డుకోత వైశాల్యాన్ని అక్కడి వేగంతో గుణించి, అన్నీ కలిపితే ప్రవాహం. రకరకాల మట్టాల దగ్గర ఇలా కొలిచి గ్రాఫు గీసుకుంటే, ఆ తర్వాత మట్టం చూసి ప్రవాహం చెప్పేయొచ్చు. వరదకు ఇసుక కోసుకుపోయి నది అడుగు మారిందా, పాత గ్రాఫును నమ్మలేం, మళ్లీ కొలవాల్సిందే.