మినుములో వేరు బుడిపెలు కనబడకపోతే యూరియా వేయాలా?

ప్రశ్న: ఏళ్ల తరబడి పత్తి, మిర్చి వేసిన నల్లరేగడిలో ఈసారి మినుము వేశాను. దుక్కిలో ఎకరాకు బస్తా డీఏపీ, బస్తా యూరియా వేశాను. విత్తనానికి రైజోబియం (వేరు బుడిపెల్లో ఉండి గాలిలోని నత్రజనిని పైరుకు అందించే బ్యాక్టీరియా), ఇమిడాక్లోప్రిడ్ పురుగుమందు కలిపి పట్టించాను. 25 రోజుల పైరు కింది ఆకుల నుంచి పసుపుబారుతోంది. మొక్క పీకి చూస్తే బుడిపెలు లేవు. మళ్లీ యూరియా వేయవచ్చా? - ఒక రైతు, పల్నాడు జిల్లా

జవాబు: యూరియా చల్లకండి. ముందు బుడిపెలు నిజంగా లేవో, పీకినప్పుడు మట్టిలోనే రాలిపోయాయో తేల్చుకోవాలి. నల్లరేగడిలో మొక్కను లాగితే సగం వేళ్లు తెగి, బుడిపెలు భూమిలోనే ఉండిపోతాయి. పదును మీద నాలుగైదు చోట్ల పారతో మట్టిపెళ్లతో సహా తవ్వి, బకెట్ నీళ్లలో నానబెట్టి మెల్లగా కడగండి. బుడిపె దొరికితే గోటితో చీల్చండి. లోపల రక్తం చాయలో గులాబీ రంగు ఉంటే అది పనిచేస్తున్నట్లే. గాలిలోని నత్రజనిని పట్టే ఎంజైమ్ ప్రాణవాయువు తగిలితే చెడిపోతుంది. దాన్ని కాపాడే లెగ్‌హిమోగ్లోబిన్ అనే పదార్థం వల్లే ఆ రంగు వస్తుంది. ఈ వయసులో లోపల తెల్లగానో, ఆకుపచ్చగానో ఉంటే ఆ బుడిపె దండగే. గింజ గట్టిపడే దశలో ఆకుపచ్చగా మారడం మాత్రం సహజం. వేలితో రుద్దినా ఊడకుండా వేరే ఉబ్బినట్లుంటే అవి నులిపురుగు బుడిపెలు.

మీ పొలంలో పొరపాటు రెండు చోట్ల జరిగినట్లుంది. బస్తా డీఏపీలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉంటాయి. మినుముకు అవి చాలు. పైన వేసిన 45 కిలోల యూరియాతో ఇంకో 20 కిలోల నత్రజని చేరింది. వేరు దగ్గరే నత్రజని దొరుకుతుంటే మొక్క బ్యాక్టీరియాను లోపలికి రానివ్వదు. ఆ యూరియా కరిగి తరిగిపోయేసరికి బుడిపెలూ ఉండవు, అందుకే ఇప్పుడు ఆకలి. రెండోది, రైజోబియం ప్రాణమున్న సరుకు. పురుగుమందుతో కలిపి పట్టిస్తే చాలావరకు చచ్చిపోతుంది.

ఇప్పటికి లీటరు నీటికి 20 గ్రాముల యూరియా కలిపి, ఎకరాకు 200 లీటర్ల ద్రావణాన్ని సాయంత్రం పూట పిచికారీ చేయండి. 10 రోజులకు మరోసారి చేయాలి. ఇది ఆకు ద్వారా అందే కొద్దిపాటి ఆహారమే, నేలలో చల్లే యూరియాతో సమానం కాదు. నీరు నిలిస్తే కాలువలు తీసి, పదునులో గుంటక తోలండి. గాలాడని నేలలో ఉన్న బుడిపెలూ ఊపిరాడక చస్తాయి. పసుపు లేత ఆకుల్లో మొదలై ఈనెలు పచ్చగా ఉంటే అది ఇనుపధాతు లోపం, నత్రజనిది కాదు. లేత ఆకులపై మెరిసే పసుపు మచ్చలుంటే పల్లాకు తెగులు. ఆ మొక్కలను వెంటనే పీకేసి తెల్లదోమను అదుపు చేయాలి.

వచ్చే పంటకు 100 మి.లీ. నీటిలో 10 గ్రాముల బెల్లం వేసి 10 నిమిషాలు మరిగించి, పూర్తిగా చల్లార్చండి. వేడి మీద కలిపితే బ్యాక్టీరియా చచ్చి, పొడిలో మిగిలేది బొగ్గే. చల్లారిన పాకాన్ని 10 కిలోల విత్తనంపై చల్లి, 200 గ్రాముల రైజోబియం పొడి వేసి, ప్రతి గింజకూ నల్లటి పూత అంటేలా కలిపి, నీడలో ఆరబెట్టి ఆ రోజే విత్తండి. రసాయన మందులు ముందే పట్టించి ఆరనివ్వాలి, రైజోబియం ఎప్పుడూ చివరే. ప్యాకెట్‌పై గడువు తేదీతో పాటు పంట పేరు కూడా చూడండి. పెసర, కంది ప్యాకెట్ మినుముకు పనికొస్తుంది, శనగది పనికిరాదు.