ఇంటర్‌ఫేసా, ఆబ్‌స్ట్రాక్ట్ క్లాసా: ఏది ఎప్పుడు?

ప్రోగ్రామింగ్‌లో ఇంటర్‌ఫేస్ అంటే ఒక క్లాస్ ఏ పనులు చేయగలగాలో చెప్పే ఒప్పందం; ఆబ్‌స్ట్రాక్ట్ క్లాస్ అంటే కొంత కోడ్ తానే రాసుకుని, మిగతాది తన నుంచి పుట్టే సబ్‌క్లాసులకు వదలగల అసంపూర్ణ క్లాస్. ఈ రెండింటిలో ఏది ఎంచుకోవాలన్న ప్రశ్నకు నేను మొదట చూసేది, క్లాసులన్నీ పంచుకోవలసిన ఫీల్డులు (ఆబ్జెక్టు దాచుకునే విలువలు) ఉన్నాయా లేదా అన్నది. జావాలో 2014లో వచ్చిన 8వ వెర్షన్ నుంచి ఇంటర్‌ఫేస్‌లోనూ డిఫాల్ట్ మెథడ్లు (ముందే కోడ్ రాసి ఉంచిన పనులు) రాయవచ్చు కాబట్టి, అందులో కోడ్ ఉండదన్న పాత సమాధానం ఇప్పుడు చెల్లదు. అయితే ఆబ్జెక్టుకు చెందిన ఫీల్డులనూ కన్‌స్ట్రక్టర్‌నూ (ఆబ్జెక్టును సిద్ధం చేసే కోడ్) ఇంటర్‌ఫేస్ నేటికీ పెట్టుకోజాలదు.

జావా లైబ్రరీలో డేటాను చదవడానికి ఉన్న ఇన్‌పుట్‌స్ట్రీమ్ అనే ఆబ్‌స్ట్రాక్ట్ క్లాసును గమనించండి. ఒక్క బైటును చదివే రీడ్ మెథడ్‌ను మాత్రమే అది సబ్‌క్లాసుకు వదిలి, బైట్ల వరుసను చదివే మరో రీడ్‌ను దాని ఆధారంగా తానే రాసిపెట్టింది. ఇలా పని క్రమం స్థిరంగా ఉండి ఒక్క మెట్టు మాత్రమే మారే చోట ఆబ్‌స్ట్రాక్ట్ క్లాస్ చక్కగా ఒదుగుతుంది. జావాలోని కంపేరబుల్ అనే ఇంటర్‌ఫేస్ అలాంటిది కాదు. తేదీ, పదం, సంఖ్య వంటి ఏ చుట్టరికమూ లేని రకాలకు అది ఇచ్చేది పోల్చుకోగల సామర్థ్యం ఒక్కటే, కనుక ఇంటర్‌ఫేస్‌గా ఉండడమే సబబు.

జావాలోనూ సీ షార్ప్‌లోనూ ఒక క్లాసుకు పేరెంట్ క్లాస్ ఒక్కటే ఉండగలదు. ఆ ఒక్క అవకాశాన్ని తొందరపడి వాడుకోకూడదు. అందుకే సందేహం ఉన్నప్పుడు ఇంటర్‌ఫేస్‌తో మొదలుపెట్టి, ఒకే కోడ్ రెండు మూడు క్లాసుల్లో కనిపించాక, దాని కింద ఒక ఆబ్‌స్ట్రాక్ట్ క్లాసును చేర్చమంటాను. జావాలోని లిస్ట్ ఇంటర్‌ఫేస్, ఆబ్‌స్ట్రాక్ట్‌లిస్ట్ క్లాస్ జంట అమరిక సరిగ్గా ఇదే.