ఆదాయం పెరిగింది, పిల్లల ఎత్తు ఎందుకు పెరగలేదు?

ఆర్థికాభివృద్ధి, ప్రజల బాగోగుల గురించి ఈ నెల మాకు అందిన ఉత్తరాల్లో నాలుగింటిని ఎంచుకుని సమాధానాలు ఇస్తున్నాం.

ప్రశ్న: తెలంగాణ తలసరి ఆదాయం దేశ సగటు కంటే చాలా ఎక్కువని మా ఆర్థికశాస్త్రం తరగతిలో చెప్పారు. వృద్ధి రేటు వెంట పరుగులు మాని, భూటాన్‌లాగా ప్రజల సంతోషాన్నే లక్ష్యంగా పెట్టుకోవడం మన దేశానికి సాధ్యం కాదా?
— ఒక డిగ్రీ విద్యార్థి, తార్నాక

జవాబు: ముందుగా కొలత గురించి ఒక మాట చెప్పుకోవాలి. 2024-25లో తెలంగాణ తలసరి ఆదాయం సుమారు 3 లక్షల 80 వేల రూపాయలు కాగా, దేశ సగటు 2 లక్షలు దాటి కొద్దిగా ఉంది. ఈ లెక్కలో తప్పు లేదు గానీ, ఇది సగటు మాత్రమే. జిల్లాల్లో అగ్రస్థానం రంగారెడ్డిది. నానక్‌రాంగూడ ఐటీ కార్యాలయాలు, కోకాపేట ఆకాశహర్మ్యాలు ఆ జిల్లాలోనివే. వానల మీద ఆధారపడ్డ మాడ్గుల, తలకొండపల్లి మండలాలూ ఆ జిల్లాలోనివే. చేలో కలుపు తీసే మనిషి కూలిని ఐటీ ఉద్యోగి జీతంతో కలిపి భాగిస్తే వచ్చే అంకె ఆ ఇద్దరిలో ఎవరి బతుకు గురించీ ఏమీ చెప్పదు. జాతీయాదాయాన్ని లెక్కగట్టే పద్ధతికి రూపమిచ్చిన సైమన్ కుజ్నెట్స్ స్వయంగా, 1934లో అమెరికా కాంగ్రెస్‌కు సమర్పించిన నివేదికలో, ఈ అంకెను చూసి ఒక జాతి క్షేమాన్ని నిర్ధారించలేమని హెచ్చరించారు.

భూటాన్ సంగతి కొస్తే, స్థూల జాతీయ సంతోషం అనే ఆలోచన 1970లలో అక్కడి రాజు జిగ్మే సింగ్యే వాంగ్చుక్‌ది. 2008 నాటి వారి రాజ్యాంగంలోనూ దానికి చోటు దక్కింది. అయితే అదే దేశంలోని చదువుకున్న యువకులు ఇటీవలి సంవత్సరాల్లో ఉద్యోగాల కోసం పెద్ద సంఖ్యలో ఆస్ట్రేలియాకు వలస వెళుతున్నారు. వృద్ధి అక్కర్లేదనే మాట పేద దేశానికి చెప్పదగినది కాదని నా గట్టి నమ్మకం. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మన సగటు ఆయుర్దాయం 32 ఏళ్ల ప్రాంతంలో ఉండేది, ఇప్పుడది 70. ఆ మార్పు తెచ్చిన టీకాలు, ఆసుపత్రులు, సాగునీరు, రోడ్లు అన్నిటి వెనుకా సొమ్ము ఉంది.

అయితే సొమ్ము ఉన్నంత మాత్రాన అన్నీ అవే సమకూరుతాయని కూడా అనుకోలేం. జనన మరణాలను లెక్కగట్టే 2020 నమూనా నమోదు సర్వే ప్రకారం పుట్టిన ప్రతి వెయ్యిమంది శిశువుల్లో ఏడాది లోపే కన్నుమూసినవారు దేశంలో 28 మంది, తెలంగాణలో 21 మంది, కేరళలో 6గురు. తలసరి ఆదాయంలో కేరళ మన కంటే వెనుక ఉంది. వృద్ధి ఎంత అన్నదానితోపాటు, అది దేనిమీద ఖర్చవుతోందన్నదీ అడగాలని మీ తరగతిలో చెప్పండి.

ప్రశ్న: నేను పాతబస్తీలో అంగన్‌వాడీ టీచరుగా పనిచేస్తున్నాను. మా బస్తీలో ఇంటింటికీ స్మార్ట్‌ఫోన్ వచ్చింది, చాలామందికి బండి కూడా ఉంది. అయినా ప్రతి నెలా కొలతలు తీసినప్పుడు వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు కనిపిస్తూనే ఉన్నారు. తల్లులను తప్పుపట్టడానికి నాకు మనసొప్పడం లేదు. లోపం ఎక్కడుంది?
— ఒక అంగన్‌వాడీ టీచరు, హైదరాబాద్

జవాబు: అమ్మా, మీరు మీ బస్తీలో చూస్తున్నదే రాష్ట్రమంతటా ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో, తెలంగాణలో అయిదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు 2015-16లో 28 శాతం ఉండగా, తర్వాతి సర్వే నాటికి 33.1 శాతానికి పెరిగారు. ఈ రెండో సర్వేకు మన రాష్ట్రంలో వివరాలు సేకరించింది 2019లో, అంటే కరోనాకు ముందే, కాబట్టి నెపం మహమ్మారి మీద వేసే వీలు కూడా లేదు. రాష్ట్ర ఆదాయం వేగంగా పెరిగిన సంవత్సరాలు సరిగ్గా అవే. అదే సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి, చిన్నపిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. మన అభివృద్ధి గురించి ఎవరు ఏ వేదిక మీద మాట్లాడినా ఈ మూడు అంకెలను దాటి వెళ్లకూడదని నా అభిప్రాయం.

పిల్లల ఎత్తు నిర్ణయమయ్యేది ఎక్కువగా గర్భంలోనూ, పుట్టిన తర్వాత రెండేళ్లలోనూ. మీ కేంద్రానికి వచ్చి కూర్చునే మూడేళ్ల పిల్లవాడి విషయంలో అప్పటికే చాలా జరిగిపోయి ఉంటుంది. ఆ లోపు పిల్లలకు బాలామృతం అనే పోషకాహార పొడి ప్యాకెట్టు ఇంటికి ఇస్తున్నారు, కానీ ఇంట్లో దాన్ని అందరూ పంచుకుంటారని మీకు నేను చెప్పనక్కర్లేదు. గర్భిణులకు, బాలింతలకు కేంద్రంలోనే గుడ్డు, పాలతో ఒక పూట భోజనం పెట్టే ఆరోగ్యలక్ష్మి 2015లో మొదలైంది. అది మంచి పథకం, కొనసాగాలి. అయితే రోజు కూలికి పొద్దున్నే లేబర్ అడ్డాకు వెళ్లే గర్భిణి మధ్యాహ్నం మీ కేంద్రానికి ఎలా రాగలుగుతుంది?

ఇంకో విషయం తక్కువగా చర్చకు వస్తోంది. అదే సర్వే ప్రకారం తెలంగాణలో ప్రసవాల్లో 60.7 శాతం శస్త్రచికిత్స ద్వారానే జరిగాయి, అప్పటికి దేశంలో ఇదే అత్యధికం. ప్రైవేటు ఆసుపత్రుల్లో ఆ వాటా 81.5 శాతం. తల్లీబిడ్డల ప్రాణం కాపాడేందుకు అవసరమైన ఆపరేషన్ గురించి ఎవరికీ అభ్యంతరం ఉండదు. అవసరం లేకుండా చేసిన ప్రతిదానివల్ల బాలింత కోలుకోవడం ఆలస్యమవుతుంది, మొదటి గంటలో బిడ్డకు తల్లిపాలు పట్టడం కష్టమవుతుంది, ఇంటివారికి అప్పు మిగులుతుంది. ఆ బిల్లు మొత్తం మాత్రం రాష్ట్ర ఉత్పత్తి లెక్కలో పెరుగుదలగానే చేరుతుంది.

ఇక బస్తీల్లో నీళ్లు. డ్రైనేజీ కాలువ పక్కనుంచి వచ్చే కొళాయి గొట్టం పగిలితే, పిల్లలకు మాటిమాటికీ విరేచనాలు పట్టుకుంటాయి. తిన్నది ఒంటికి పట్టని పిల్లవాడికి ఎంత తిండి పెట్టినా ఎదుగుదల కుంటుపడుతుంది. కాబట్టి పోషకాహార సమస్య సగం జలమండలి సమస్య కూడా, శిశు సంక్షేమ శాఖ ఒక్కటే దీన్ని పరిష్కరించలేదు.

నగర వృద్ధికి ముఖ్యమైన ఆధారం నిర్మాణ రంగం కనుక అందులోని పిల్లల గురించి కూడా చెప్పాలి. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో వచ్చి, 2025 నవంబర్‌లో కొత్త కార్మిక కోడ్‌లు వచ్చేదాకా అమల్లో ఉన్న కేంద్ర చట్టం, యాభైమంది కంటే ఎక్కువ మహిళలు పనిచేసే చోట ఆరేళ్లలోపు పిల్లలకు శిశు సంరక్షణ గది ఉండాలని నిర్దేశించింది. దానితోపాటు వచ్చిన సెస్ చట్టం కింద నిర్మాణ వ్యయంలో 1 శాతం కార్మికుల సంక్షేమానికి సెస్‌గా, అంటే ప్రత్యేక పన్నుగా, వసూలవుతూ వచ్చింది. పనిని మేస్త్రీల వారీగా ముక్కలు చేసిన చోట యాభై అనే లెక్క ఎప్పటికీ తేలదు. పాలమూరు నుంచో, ఒడిశా నుంచో వచ్చిన తల్లి బిడ్డను ఇసుక కుప్ప పక్కనే పడుకోబెడుతుంది. ఆ పరిమితిని ఒక్కో మేస్త్రీకి కాక మొత్తం స్థలానికి లెక్కించి, సెస్ సొమ్ముతో అక్కడే సంరక్షణ గది, వేడి భోజనం ఏర్పాటు చేయడానికి కొత్త పన్ను అవసరం లేదు.

మీరు ప్రతి నెలా తీసే కొలతలు ఫోన్‌లో నమోదవుతున్నాయి. బడ్జెట్‌తోపాటు ప్రభుత్వం విడుదల చేసే సామాజిక ఆర్థిక నివేదికలో జిల్లాల తలసరి ఆదాయం పక్కనే, మండలాల వారీగా, నగరంలో డివిజన్ల వారీగా ఈ ఎత్తుల లెక్కను కూడా ప్రచురించాలి. మీ శ్రమకు, మీ బస్తీ పిల్లలకు దక్కవలసిన కనీస గౌరవం అది.

ప్రశ్న: పటాన్‌చెరు ప్రాంతంలో ఒక రసాయన కర్మాగారంలో పనిచేసి పదవీ విరమణ చేశాను. కాలుష్యం పేరుతో పరిశ్రమలను ఇబ్బంది పెడితే అవి పక్క రాష్ట్రానికి తరలిపోతాయి. ముందు సంపాదించుకుని, తర్వాత శుభ్రం చేసుకోవడమే కదా ధనిక దేశాలన్నీ చేసింది?
— ఒక విశ్రాంత ఇంజినీరు, రామచంద్రాపురం

జవాబు: మీ తరం కష్టం వల్లనే హైదరాబాద్ ఔషధ పరిశ్రమకు ప్రపంచంలో పేరు వచ్చింది. 1961లో ఏర్పడిన ప్రభుత్వ ఔషధ సంస్థ ఐడీపీఎల్‌కు చెందిన బాలానగర్ కర్మాగారంలో పని నేర్చుకున్నవారు ఎందరో తర్వాత సొంత పరిశ్రమలు పెట్టారు, మన పేదవాడికి చవక మందు దొరికింది. ఇది కాదనలేని మేలు.

అయితే తర్వాత శుభ్రం చేసుకోవడమనేది వినడానికి ఉన్నంత సులువు కాదు. జపాన్‌లోని మినమాటాలో పాదరసం వల్ల వచ్చిన జబ్బును 1956లో గుర్తించారు. కారణాన్ని ప్రభుత్వం అధికారికంగా ఒప్పుకోవడానికి 1968 దాకా పట్టింది. పరిహారం వివాదాలు తరాల పాటు సాగాయి. అంత సంపన్న దేశమూ పోయిన ఆరోగ్యాన్ని కొనలేకపోయింది.

మన దగ్గర పటాన్‌చెరు, బొల్లారం కాలుష్యంపై 1990లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. నక్కవాగు చుట్టుపక్కల ఊళ్ల బావులు, పొలాలు పాడయ్యాయి. 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటకు వచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నట్టు తేలింది. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదును మించిన పరిమాణమది. అటువంటి నీటిలో బతకడం నేర్చిన సూక్ష్మక్రిములకు ఆ మందు ఇక పనిచేయదు. అంటే మనం తయారుచేసిన ఔషధమే మన ఆసుపత్రుల్లో పనికిరాకుండా పోయే ప్రమాదం ఉంది. బావి పాడైన రైతు నీళ్లు కొనుక్కుంటే ఆ ట్యాంకర్ ఖర్చూ, జబ్బుపడితే వైద్యం ఖర్చూ మళ్లీ జీడీపీలోనే కలుస్తాయి. పోయిన బావి విలువను మాత్రం ఎవరూ తీసివేయరు.

పరిశ్రమలు మూసేయమని నేను అనడం లేదు. వ్యర్థజలాన్ని శుద్ధి చేసే ఖర్చు మందు ధరలో భాగం కావాలి, అది వాగు పక్కన ఉండే రైతు భరించవలసినది కాదు. పక్క రాష్ట్రానికి పోతాయనే భయానికి విరుగుడు, ఒక రాష్ట్రం సడలిస్తే ఇంకో రాష్ట్రం మరింత సడలించే పోటీ లేకుండా, దేశమంతటికీ వర్తించే యాంటీబయాటిక్ వ్యర్థాల పరిమితిని కేంద్రం చట్టబద్ధం చేయడమే. మీలాంటి అనుభవజ్ఞులు ఆ మాట అంటే పరిశ్రమ వింటుంది.

ప్రశ్న: మేము జీఎస్టీ కడుతున్నాం, ఆ డబ్బుతో ఉచిత పథకాలు నడుస్తున్నాయి. ఇలాగే సాగితే శ్రీలంక గతి పట్టదా?
— ఒక వ్యాపారి, బేగంబజార్

జవాబు: శ్రీలంక 2022లో విదేశీ అప్పులు కట్టలేక చేతులెత్తేసిన మాట నిజమే. అయితే ఆ దేశంలో ఉచిత విద్య, ఉచిత వైద్యం దశాబ్దాలుగా ఉన్నాయి, సంక్షోభానికి దారితీసినవి అవి కావు. 2019 చివర విలువ ఆధారిత పన్నును 15 నుంచి 8 శాతానికి తగ్గించి రాబడి పోగొట్టుకున్నారు, కరోనాతో పర్యాటకం పడిపోయింది, 2021లో రసాయన ఎరువులను ఉన్నపళంగా నిషేధించి పంటలు దెబ్బతీసుకున్నారు, వీటన్నిటికీ ముందే విదేశీ రుణం పేరుకుని ఉంది.

ఉచితమన్న ప్రతిదాన్నీ ఒకే గాటన కట్టడం సరికాదు. మహిళలకు ఆర్టీసీ ఉచిత ప్రయాణం 2023 డిసెంబర్ 9న మొదలైంది. టికెట్ ఖర్చుకు వెనుకాడి దూరపు పనికి వెళ్లని మహిళ ఇప్పుడు వెళ్లగలిగితే, ఆమె సంపాదన మీ అంగడికే చేరుతుంది, కాబట్టి ఇది నాకు సమర్థనీయంగానే తోస్తుంది. దానికి తగినన్ని కొత్త బస్సులు కొనకపోతే మాత్రం ప్రయోజనం తగ్గిపోతుంది.

నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది రాబడి వైపు. 2023 ఆగస్టులో కోకాపేట ప్రభుత్వ భూముల వేలంలో ఎకరం ధర గరిష్ఠంగా 100.75 కోట్ల రూపాయలు పలికింది. ఒకసారి అమ్మిన భూమి మళ్లీ రాదు. ఆ సొమ్ము నెలవారీ ఖర్చుల్లో కలిసిపోయిందా, బస్తీ దవాఖానాలకు, అంగన్‌వాడీల సొంత భవనాలకు, మురుగునీటి శుద్ధికి వెళ్లిందా అన్నది విడి పద్దుగా శాసనసభ ముందు పెట్టమని, పన్ను కట్టే మీ వర్తక సంఘం రాతపూర్వకంగా అడగవచ్చు.