కణ చికిత్సల తయారీని యంత్రానికి అప్పగించే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

కార్-టి కణాల తయారీని, అంటే రోగి తెల్లకణాల్లో ఒక రకమైన టి-కణాలకు క్యాన్సర్‌ను గుర్తించే జన్యువును చేర్చి మందుగా మలిచే పనిని, ఆటోమేషన్ చేయడంపై పరిశోధన మొదలుపెడుతున్నావని తెలిసి ఎంతో సంతోషించాను. యంత్రం నమూనా గీయడానికి కూర్చునే ముందు, మొత్తం ప్రక్రియను కనీసం మూడుసార్లు నీ చేతులతో చేసి చూడు. వేగంగా తిప్పి కణాలను అడుక్కి చేర్చే సెంట్రిఫ్యూజ్‌లోంచి తీసిన గొట్టం అడుగున కణాలు పల్చని తెల్లటి ముద్దగా పేరుకుని ఉంటాయి. పైనున్న ద్రవాన్ని పిపెట్‌తో లాగేటప్పుడు అలవాటైన చెయ్యి గొట్టాన్ని కాస్త వంచి, ముద్ద అంచు కదలగానే ఆగిపోతుంది. ఆ ఆగడం ఏ ప్రోటోకాల్‌లోనూ రాసి ఉండదు, కానీ యంత్రానికి నేర్పవలసింది సరిగ్గా అదే. అందుకని నువ్వు ఎక్కడ ఆగావో, ఏం చూసి ఆగావో అప్పటికప్పుడే నోటుబుక్కులో రాసుకో.

మాత్రల తయారీలో ముడిసరుకు ప్రతిసారీ ఒకేలా ఉండేట్టు చూసుకోవచ్చు. ఇక్కడ ముడిసరుకు రోగి రక్తం నుంచి వేరుచేసిన తెల్లకణాలు. ఎన్నో విడతల కీమోథెరపీ తట్టుకున్న మనిషి టి-కణాలు ఆరోగ్యవంతుడైన దాత కణాల్లా పెరగవు. ఈ సంగతి తెలిసి ఉండి కూడా, నిర్ణీత గంటలకొకసారి పోషక ద్రవం పోసేలా నేను పంపుకు ప్రోగ్రామ్ రాశాను. దాతల కణాలతో అది చక్కగా నడిచింది. తరువాత ఒక రోగి ఇచ్చిన పరిశోధన నమూనాలో కణాలు నెమ్మదిగా పెరుగుతున్నా పంపు తన వేళకు తాను ద్రవం పోస్తూనే పోయింది. కణసాంద్రత పడిపోయి ఆ కల్చర్, అంటే ల్యాబ్‌లో పెంచుతున్న ఆ కణాల సముదాయం, ఇక కోలుకోలేదు. ఆ నమూనా ఇచ్చిన మనిషిని తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. కాబట్టి గడియారాన్ని కాక, గ్లూకోజ్ ఎంత తరిగింది, కణాలు గ్లూకోజ్‌ను వాడుకుని వదిలే లాక్టేట్ ఎంత పెరిగింది, కణాల సంఖ్య ఎంతకు చేరింది అన్నవాటిని చూసి నిర్ణయం తీసుకునే వ్యవస్థను కట్టు. ముందుగా ఆ కొలతలు నమ్మదగినవని నిరూపించు.

టి-కణాల పైనుండే సిడి3, సిడి28 అనే ప్రోటీన్లకు అంటుకునే ప్రతిరక్షకాలతో కణాలను ఉత్తేజపరచడం, జన్యువును మోసుకెళ్లే లెంటీవైరస్‌తో దాన్ని కణాల్లో చేర్చడం, కణాలను పెంచడం, కడగడం, నిల్వకోసం అతిశీతలంలో గడ్డకట్టించడం — వీటన్నిటినీ ఒక్క థీసిస్‌లో తలకెత్తుకోవద్దు. గడ్డకట్టించడం తప్ప మిగతా పనులన్నీ మూసి ఉంచిన వ్యవస్థలో చేయగల ప్రోడిజీ, కొకూన్ వంటి యంత్రాలు ఇప్పటికే ఉన్నాయి.

నన్నడిగితే, నాణ్యత పరీక్షల వైపు చూడమంటాను. సూక్ష్మజీవులు లేవని తేల్చే సంప్రదాయ పరీక్షకు 14 రోజులు పడుతుంది. కణాలను పెంచడానికే అంత సమయం పట్టని సందర్భాలు ఉన్నాయి. వ్యాధి ముదురుతున్న రోగి ఫలితం కోసం ఎదురుచూసే ఆ రోజుల్లో ఏ ఒక్కటి తగ్గించగలిగినా అది చిన్న పని కాదు. కణాలు కల్చర్‌లో ఉండగానే, వాటిని బయటి గాలి తగలనీయకుండా నమూనా తీసి పరీక్షించే మార్గం ఏదైనా ఉందేమో ఆలోచించు.

ప్రతి సంచి మీదా, ప్రతి ఫైలులోనూ నమూనా గుర్తింపు సంఖ్య మొదటి రోజు నుంచే వేస్తూ ఉండు. ఒకరి కణాలు మరొకరికి వెళ్తే ప్రాణం మీదికి వస్తుంది. ప్రక్రియను నీ చేతులతో మూడోసారి పూర్తిచేశాక నీ నోటుబుక్కు ప్రతిని నాకు పంపు, కలిసి చదువుదాం.