లేజర్ కొనాలా, ఎంపీటీ చదివించాలా?

ప్రశ్న: మాది గుంటూరు. ఆర్టీసీలో పనిచేసి పోయినేడు రిటైరయ్యాను. మా అమ్మాయి ఫిజియోథెరపీ డిగ్రీ బీపీటీ పూర్తిచేసి కొత్తపేటలో ఒక ఎముకల ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా చేస్తోంది. జీతం 16 వేలు. విజయవాడ నుంచి వచ్చిన ఒక డీలరు, నొప్పులకు వాడే క్లాస్ 4 లేజర్ మిషన్ పెట్టి సొంత క్లినిక్ తెరిస్తే రెండేళ్ళలో పెట్టుబడి తిరిగొస్తుందంటున్నాడు. ధర 18 లక్షలు. నా రిటైర్మెంట్ డబ్బు 6 లక్షలు, మిగతా 12 లక్షలు లోన్ అనుకుంటున్నాం. బీటీఎల్, ఏఎస్ఏ, లైట్‌ఫోర్స్ – ఈ మూడింట్లో ఏది మంచిది? లేక ఫిజియోథెరపీలో పీజీ, ఎంపీటీ చదివించాలా? డెమోలో నా మోకాలికి పెట్టారు, హాయిగా అనిపించింది. నెలాఖరులోగా చెప్పాలట. వాడిన మిషన్ సగం ధరకు ఉందని కూడా అంటున్నారు.

జవాబు: ఈ ఉత్తరం నాకు కొత్త కాదండీ, మిషన్ పేరే కొత్త. డెంటల్ చదివిన పిల్లల నాన్నలు కుర్చీ గురించి రాస్తారు, ల్యాబ్ కోర్సు చేసినవాళ్ళ నాన్నలు ఎనలైజర్ గురించి రాస్తారు. అడుగున ఉండే బాధ ఒక్కటే. ఇంత చదివిస్తే పదహారు వేలేనా, చుట్టాలకు ఏం చెప్పుకోను అని. ముందు దానికి జవాబు చెప్తాను. ఈ చదువులో మొదటి ఉద్యోగం జీతం చిన్నదే. మీ అమ్మాయి ఎక్కడా వెనకబడలేదు. ఆపరేషన్ అయిన మోకాళ్ళు, విరిగి అతికిన చేతులు రోజూ ఆమె చేతికి వస్తున్నాయి. ఆ అనుభవాన్ని ఏ డీలరూ అమ్మలేడు.

ఇక ఒక మాట అంటే కోపం తెచ్చుకోకండి. మీ ఉత్తరంలో డీలరు మాటలున్నాయి, మీ మోకాలి సంగతి ఉంది, లోన్ ఉంది. మీ అమ్మాయి ఏమంటోందో ఒక్క ముక్క లేదు. ఆ మిషన్ పట్టుకుని రోజంతా నిలబడాల్సింది ఆమె. డెమోకు ఆమెను తీసుకెళ్ళారా? వెళ్ళుంటే డీలరును నాలుగు ప్రశ్నలు అడిగి ఉండేది, నెలాఖరు గడువు అక్కడే తేలిపోయేది.

మోకాలికి హాయిగా ఉందన్నారు. ఉంటుంది. ఆ కాంతి లోపలికి వెళ్ళి వేడి పుట్టిస్తుంది. వేడినీళ్ళ కాపడం పెట్టినా హాయిగానే ఉంటుంది కదా. అమెరికాలో మందులను, వైద్య పరికరాలను అనుమతించే సంస్థ ఎఫ్‌డీఏ ఇలాంటి లేజర్లలో చాలావాటిని అమ్మకానికి అనుమతించింది ఇన్‌ఫ్రారెడ్ దీపాల విభాగం కిందే. కండరాల, కీళ్ళ నొప్పికి, బిగుతుకు తాత్కాలికంగా ఉపశమనం ఇస్తుందనే వరకే ఆ అనుమతి. బ్రోచర్‌లో ఎఫ్‌డీఏ ముద్ర కనిపించగానే మనం ఇంకేదో ఊహించుకుంటాం.

‘క్లాస్ 4’ కూడా అలాంటిదే. అది నాణ్యతకు ఇచ్చిన ర్యాంకు అనుకునేవాళ్ళే ఎక్కువ. నిజానికి అది ప్రమాద హెచ్చరిక. అర వాటు దాటిన లేజర్లన్నీ ఆ తరగతిలోకే వస్తాయి. నేరుగా పడినా, గాజు మీదో ఉంగరం మీదో తగిలి వెనక్కి తిరిగినా కన్ను పోవచ్చు. డెమోలో మీకు కళ్ళద్దాలు పెట్టారా? మీ పక్కన నిలబడినవాళ్ళకు? ఆ అద్దాలు ఆ మిషన్ తరంగదైర్ఘ్యానికి సరిపోయేవేనా? పెట్టకుండా చూపించి ఉంటే ఆ డీలరు దగ్గర ఏదీ కొనకండి.

వాట్లు ఎక్కువైతే ఎక్కువ లోతుకు వెళుతుందని చెప్పే ఉంటాడు. లెక్క చూడండి. 10 వాట్ల మిషన్ 5 నిమిషాల్లో 3000 జౌళ్ళ శక్తి ఇస్తుంది. అర వాటు మిషన్ అంతే ఇవ్వడానికి 100 నిమిషాలు పడుతుంది. అంటే వాట్లతో మీకు మిగిలేది టైము. లోతు సంగతి ప్రధానంగా తరంగదైర్ఘ్యం మీద, రోగి చర్మం మీద, కొవ్వు మీద ఆధారపడుతుంది. మనవాళ్ళ చర్మపు రంగు కూడా లెక్కలోకి వస్తుంది. 810 నానోమీటర్ల కాంతిని నల్లని చర్మం పైపైనే ఎక్కువ పీల్చుకుంటుంది, 1064 దగ్గర అంత పీల్చుకోదు. మిర్చి యార్డులో ఎండకు మాడి టిక్కీలు మోసే ముఠా కూలీ వీపు మీద చెయ్యి ఆపకుండా కదిలించకపోతే చర్మం చురుక్కుమంటుంది, కాలుతుంది కూడా. ఎక్కడ ఎంతసేపు పెట్టాలో, క్యాన్సర్ గడ్డ మీద, గర్భిణి పొట్ట మీద ఎందుకు పెట్టకూడదో తెలిసిన చెయ్యి కావాలి.

పనిచేస్తుందా అంటే, అసలు పనిచేయదని నేను అనను. 2009లో లాన్సెట్ పత్రికలో మెడనొప్పి మీద 16 పరిశోధనలను, 820 మంది రోగులను కలిపి చూసిన వ్యాసం వచ్చింది. లేజర్‌తో నొప్పి తగ్గిందనే తేలింది. డీలర్లు ఆ కాగితాన్ని చూపిస్తారు. కానీ అందులో వాడినవి తక్కువ శక్తి లేజర్లు, మీకు అమ్మబోయేది వేరే. నా సందేహం అక్కడే. ఎక్కువ శక్తి లేజర్ మీద వచ్చిన పరిశోధనలు చాలావరకు చిన్నవి. పైగా వ్యాయామంతో కలిపి ఇచ్చినవే ఎక్కువ.

నా భుజం పట్టేసినప్పుడు సూర్యారావుపేటలో ఒక చిన్న క్లినిక్‌కు వెళ్ళేవాణ్ణి. మూలన ఖరీదైన లేజర్ మిషన్, దాని మీద కవరు, కవరు మీద అపాయింట్‌మెంట్ పుస్తకం. ఫైబర్ కేబుల్ విరిగిందట, కొత్తది రావడానికి మూడో నెల నడుస్తోంది. అక్కడి ఫిజియోథెరపిస్టు అమ్మాయి నా వేళ్ళతో గోడ మీద చీమలా పైకి పాకించేది, ప్రతి వారం పెన్సిల్‌తో ఒక గీత గీసేది. గీతలు పైకి వెళ్ళాయి, భుజం లేచింది. ఒకరోజు మధ్యలో ఆమె ఫోన్ మోగింది, వాయిదా కట్ అయిందని మెసేజ్. ఏమీ అనకుండా ఫోన్ బోర్లా పెట్టింది.

మీ వాయిదా లెక్క నేనే వేశాను. 12 లక్షలకు 12 శాతం వడ్డీ, ఐదేళ్ళు అనుకుంటే నెలకు దాదాపు 26,700. సిటింగ్‌కు 400 తీసుకుంటే వాయిదాకే 67 సిటింగులు. ఒక్కొక్కరికి ఏడెనిమిది సిటింగులు అనుకున్నా, లేజర్‌కు ఒప్పుకునే కొత్త రోగులు నెలకు తొమ్మిది మంది రావాలి, ఐదేళ్ళూ రావాలి. అద్దె, కరెంటు, మిషన్ నిర్వహణకు ఏటా కట్టే ఏఎంసీ వీటికి అదనం. రోగులను పంపేది ఎముకల డాక్టర్లు, వాళ్ళు మనిషిని చూసి పంపుతారు. మీ అమ్మాయి ఇప్పుడున్న ఆసుపత్రిలో ఆ పేరే సంపాదించుకుంటోంది.

మూడు బ్రాండ్ల సంగతి అడిగారు కాబట్టి క్లుప్తంగా. బీటీఎల్ చెక్ దేశపు కంపెనీ, వాళ్ళ హై ఇంటెన్సిటీ లేజర్ 1064 నానోమీటర్లది. ఏఎస్ఏ ఇటలీది. వాళ్ళ హిల్‌థెరపీ కూడా 1064దే గానీ విడివిడి పల్సులుగా వస్తుంది, వాళ్ళదే ఇంకో మిషన్ ఎంఎల్ఎస్ మాత్రం 808, 905 కలిపి ఇస్తుంది. లైట్‌ఫోర్స్ అమెరికాది, 810, 980 వాడుతుంది, గుండ్రటి మసాజ్ బంతి ఉన్న హ్యాండ్‌పీస్ దాని ప్రత్యేకత. మూడూ పేరున్నవే. గుంటూరులో మీకు తేడా తెలిసేది మిషన్ ఆగిపోయిన రోజున, ఇంజినీరు ఎక్కడి నుంచి రావాలో తెలిసినప్పుడు. 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ మందుల చట్టం కిందికి వచ్చాయి. కాబట్టి కేంద్ర మందుల నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీఓ ఇచ్చిన దిగుమతి లైసెన్సు కాపీ, కేబుల్ ధర, సర్వీస్‌కు ఎన్ని రోజులో కాగితం మీద అడగండి. ఇస్తానని నోటితో చెబితే సరిపోదు.

ఎంపీటీ రెండేళ్ళు. ఎంట్రన్స్ వివరాలు మీకన్నా మీ అమ్మాయికే బాగా తెలుసు. ఆర్థో, న్యూరో, స్పోర్ట్స్‌లో ఏది ఇష్టమో ఆమెనే అడగండి. టీచింగ్, పెద్ద ఆసుపత్రి మీద మనసుంటే చదవనివ్వండి. సొంత క్లినిక్కే కావాలంటే ఇంకో రెండేళ్ళు ఉద్యోగం చేసి, ఒక గదిలో బల్ల, సన్నని కరెంటుతో నొప్పి తగ్గించే ఐఎఫ్‌టీ, నొప్పికి పెట్టే అల్ట్రాసౌండ్, చేతి పనితో మొదలుపెట్టొచ్చు. ఆ 6 లక్షలు మాత్రం కదిలించకండి, అవి మీ ఇద్దరి మందులకు.

వాడిన మిషన్ విషయం. ఎన్ని గంటలు నడిచిందో, మొదటి బిల్లు ఎవరి పేరున ఉందో, వారంటీ కొత్త పేరుకు మారుతుందో అడగండి. దాన్ని అమ్మేస్తున్న క్లినిక్ నంబరు కూడా అడగండి. ఇస్తే మీ అమ్మాయితో ఫోన్ చేయించండి, ఎందుకు అమ్ముతున్నారో వాళ్ళే చెప్తారు.