బ్రాయిలర్ దాణాలో ఎంజైములు కలిపితే ఖర్చు నిజంగా తగ్గుతుందా?

ఇబ్రహీంపట్నం దగ్గర కొత్తగా షెడ్డు వేస్తున్న మిత్రులు ఈ ప్రశ్న అడిగారు. హైదరాబాద్ చుట్టుపక్కల చాలాకాలంగా బ్రాయిలర్ కోళ్లు పెంచుతున్నవాడిగా నా సమాధానం: తప్పకుండా తగ్గుతుంది, కానీ మీ దాణా మిల్లులో వేడి ఎంతో తెలుసుకోకుండా ఫైటేజు అనే ఎంజైమును నమ్ముకుని డీసీపీ (భాస్వరం కోసం దాణాలో కలిపే డైకాల్షియం ఫాస్ఫేట్) తగ్గించకండి.

మొక్కజొన్న, సోయా చెక్క, తవుడులలోని భాస్వరంలో సుమారు మూడింట రెండు వంతులు ఫైటేట్ రూపంలో ఉంటుంది. దానిని జీర్ణించుకునే శక్తి కోడికి చాలా తక్కువ కనుక అది రెట్టలో పోతుంది, ఆ లోటును మనం డీసీపీ కొని పూడుస్తాం. ఫైటేజు ఆ భాస్వరాన్ని విడిపిస్తుంది కాబట్టే డబ్బు మిగులుతుంది.

షాద్‌నగర్ వైపు మా బావగారి ఫారంలో ఒక వానాకాలం మూడో వారం పిల్లలు మేత తొట్టి దాకా నడవలేక, కాళ్లు ముడుచుకుని వరిపొట్టు మీదే కూర్చుండిపోయాయి. ఒకదానిని చేతిలోకి తీసుకుని ముక్కు నొక్కితే రబ్బరులా వంగింది. ఏదో వైరస్ సోకిందని అందరూ భయపడి యాంటీబయాటిక్ కోసం పరుగెత్తుతుంటే, నేను బావగారిని వెంటబెట్టుకుని దాణా మిల్లుకు వెళ్లి పెల్లెట్ (గుళికల దాణా) యంత్రం పైనున్న కండిషనర్ (దాణాను ఆవిరితో వేడిచేసే భాగం) మీటరు చూశాను. అది 88 డిగ్రీలు చూపుతోంది. వేడిని తట్టుకునే పూత లేని మామూలు ఫైటేజు పొడిని ఆ ఆవిరికి ముందే కలిపారు, ప్యాకెట్ మీది సూచన చూసి డీసీపీ మాత్రం కోసేశారు. ఎంజైము ప్రొటీనే కదా, ఆ వేడికి నిర్వీర్యమైపోయింది, పిల్లలకు భాస్వరం ఏ దారినా అందలేదు. వెంటనే డీసీపీని పాత మోతాదుకు పెంచాం. తరువాతి బ్యాచ్ నుంచి పూత ఉన్న ఫైటేజు వాడి, అప్పుడు మాత్రమే డీసీపీ తగ్గించాం. కాళ్ల జబ్బు మళ్లీ రాలేదు.

నన్ను ఎక్కువగా బాధించేది, అన్నీ కలిసిన మిశ్రమమని చెప్పి యూనిట్లు రాయకుండా అమ్మే ప్యాకెట్లు. ఫైటేజు అయితే కిలో దాణాకు 500 ఎఫ్‌టీయూ (ఫైటేజు బలాన్ని కొలిచే యూనిట్లు) సాధారణ మోతాదు, ఆ లెక్క లేని సంచిని కొనకూడదు. గోధుమ ఎక్కువగా వాడేవారికి జైలనేజు అనే మరో ఎంజైము బాగా పనిచేస్తుంది, అది పేగులోని జిగటను తగ్గించి లిట్టరును (నేల మీద పరిచిన వరిపొట్టును) పొడిగా ఉంచుతుంది. మొక్కజొన్న, సోయా దాణాకు దాని అవసరం అంతగా ఉండదు. ఇవన్నీ అడగడానికి రాజేంద్రనగర్‌లో కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ ఉండగా, మన రైతులు డీలరు మాటనే ప్రమాణంగా తీసుకోవడం నాకు మింగుడుపడదు.

మీరు పెల్లెట్లు కాక మాష్ దాణా (గుళికలు చేయని పొడి దాణా) మేపదలిస్తే ఈ వేడి బెడద లేదు, మామూలు పొడి చాలు.